పేర్లు లేని రాళ్ళ దగ్గర ఒక్క ఉదయం

వాషింగ్టన్ డీసీ ప్రాంతంలోని తెలుగు సంఘాల కార్యవర్గాలకు,



బతుకమ్మకి హాలు మాట్లాడటం, దసరా కార్యక్రమానికి పిల్లల పేర్లు రాసుకోవడం, భోజనాల లెక్క తేల్చడం, వీటన్నిటితో మీకు ఊపిరాడని రోజులివి. ఉద్యోగాలు చేసుకుంటూ, సొంత శని ఆదివారాలు వదులుకుని మీరు పడుతున్న ఈ పాటు వల్లే మా పిల్లలకి గౌరమ్మ ఎవరో తెలిసింది. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను. ఈసారి పండగల పట్టికలో ఇంకొక్క పూట చేర్చమని అడగడానికి. తెలంగాణలో పెత్రామాస, మా పల్నాడు వైపు పెద్దల అమావాస్య అంటాం కదా, దానికి దగ్గర్లో వచ్చే ఆదివారం ఉదయం ఒక రెండు గంటలు. యాష్‌బర్న్‌లో రూట్ 7 పక్కన, బెల్మాంట్ రిడ్జ్ రోడ్డు వైపు, చెట్ల మధ్య ఒక పాత శ్మశానం ఉంది. అక్కడికి మనందరం కలిసి వెళ్ళాలి.

ఆ శ్మశానం ఎవరిదో చెప్పాలంటే బెల్మాంట్ కథ మొదటినుంచీ చెప్పాలి.

బెల్మాంట్ కంట్రీ క్లబ్ మీలో చాలామందికి కొత్త కాదు. కొందరికి అక్కడే ఇల్లు. మిగిలినవాళ్ళు ఏ గృహప్రవేశానికో, సత్యనారాయణ వ్రతానికో వెళ్ళే ఉంటారు. గేటు దాటి లోపలికెళ్తే కళ్ళు చల్లబడే పచ్చిక, దాని చుట్టూ వరసగా ఇళ్ళు, మధ్యలో ఆర్నాల్డ్ పామర్ గీసిచ్చిన 18 హోల్స్ గోల్ఫ్ కోర్సు, ఎత్తు మీద ఐదు భాగాలుగా సాగిన పాత బంగళా. 1990ల చివర్లో టోల్ బ్రదర్స్ కంపెనీ ఈ ఎస్టేటుని ఇళ్ళ కాలనీగా మార్చడం మొదలుపెట్టింది. ఆ బంగళాయే ఇప్పుడు క్లబ్ హౌస్.

గోల్ఫ్ చుట్టూ ఇళ్ళు కట్టడం వెనకున్న లెక్క మనకి తెలిసిందే. కోర్సు మీద వచ్చే ఆదాయం కన్నా, కోర్సు కనపడే స్థలానికి కొనేవాడు అదనంగా ఇచ్చే డబ్బు ముఖ్యం. అందుకే ఇలాంటి కాలనీల్లో ఒక్కసారైనా గోల్ఫ్ కర్ర పట్టని కుటుంబాలు బోలెడు. మనం కొన్నది ఆటని కాదు, కిటికీలోంచి కనపడే దృశ్యాన్ని. ఆ దృశ్యం ఇవాళ్టిది కాదు. ఎత్తు మీద దొరగారి ఇల్లు, దిగువన ఒత్తుగా పరుచుకున్న నేల, ఈ ఏర్పాటుకి రెండు వందల ఏళ్ళు దాటాయి.

బంగళాని 1799కీ 1802కీ మధ్య కట్టించినవాడు లడ్వెల్ లీ. ఆయన తండ్రి రిచర్డ్ హెన్రీ లీ, 1776 జూన్‌లో కాంటినెంటల్ కాంగ్రెస్‌లో స్వాతంత్ర్య తీర్మానం ప్రవేశపెట్టినవాడు, ఆ తర్వాత ప్రకటన మీద సంతకం చేసినవాడు. 1825లో ఫ్రెంచి వీరుడు లాఫయెట్ అమెరికా అంతా తిరుగుతూ ఈ ఇంటికి అతిథిగా వచ్చాడు. ఇవన్నీ రాసి పెట్టి ఉన్నాయి. పొలాల్లో గోధుమలు, మొక్కజొన్న పండించింది, కుంపట్లు రాజేసింది, ఆ అతిథికి వంట వండి గుర్రాలకి నీళ్ళు పెట్టింది బానిసలు. 1860 జనాభా లెక్కల నాటికి బెల్మాంట్ ఉన్న లౌడన్ కౌంటీలో బానిసలు సుమారు 5,500 మంది, అంటే నలుగురిలో ఒకరు. 1850, 1860 లెక్కల్లో బానిసల కోసం వేరే పట్టికలు ఉండేవి. యజమాని పేరు రాస్తారు. కింద వరసగా వయసు, ఆడా మగా, ఒంటి రంగు. మనిషి పేరుకి ఆ కాగితంలో గడే లేదు.

ఆ వరసల్లోంచి కొందరు పక్కనున్న చెట్ల కిందికి చేరారు.

1836లో ఈ ఎస్టేటుని మార్గరెట్ మెర్సర్ అనే ఆవిడ కొంది. మేరీల్యాండ్ గవర్నరు కూతురు. తండ్రి నుంచి తనకి సంక్రమించిన బానిసలని విడిచిపెట్టేసి, వాళ్ళలో వెళ్తామన్నవాళ్ళని ఆఫ్రికాలోని లైబీరియాకి పంపించింది. బెల్మాంట్‌లో ఆడపిల్లలకి బడి పెట్టింది. 1846లో పోయేదాకా ఆ బడే ఆవిడ లోకం. నాకు ఆవిడంటే గౌరవం. తనకున్నదంతా కరిగిపోతున్నా వెనక్కి తగ్గని మనిషి. అయినా ఒక సంగతి మనసులో ముల్లులా ఉంటుంది. విడిచిపెట్టిన ఆవిడ పేరు పుస్తకాల్లో ఉంది. విడుదలై ఓడెక్కినవాళ్ళ పేర్లు మనలో ఎవరం విన్నాం?

తర్వాత ఎస్టేటు చేతులు మారుతూ వచ్చి 1915లో ఎడ్వర్డ్ మెక్లీన్ దగ్గరికి చేరింది. అప్పట్లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక ఆ కుటుంబానిదే. మనవాళ్ళు చాలామంది ఉంటున్న మెక్లీన్ ఊరికి ఆయన తండ్రి పేరే పెట్టారు. ఎడ్వర్డ్ భార్య ఎవలిన్. ఈవిడ దగ్గరికొచ్చేసరికి నాకు బెల్మాంట్ పరాయి ఊరు కాకుండా పోయింది.

ఎవలిన్ 1911లో పియరీ కార్టియే దగ్గర ఒక నీలి వజ్రం కొంది. హోప్ డైమండ్. 45.52 క్యారెట్లు. బెల్మాంట్ యజమానురాలిగా ఉన్న రోజుల్లో ఆ వజ్రం ఆవిడదే. ఆవిడ పోయాక 1949లో హ్యారీ విన్‌స్టన్ కొన్నాడు, 1958లో రిజిస్టర్డ్ పోస్టులో స్మిత్‌సోనియన్‌కి పంపి దేశానికి ఇచ్చేశాడు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మనమందరం తీసుకెళ్ళి చూపించేది ఇదే. అది పుట్టింది మా పల్నాడులో, కృష్ణ ఒడ్డున, బెల్లంకొండ మండలం కొల్లూరు గనిలోనే అంటారు. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే దాన్ని కొనుక్కెళ్ళి 1668లో పద్నాలుగో లూయీ రాజుకి అమ్మాడు. కొల్లూరు గనిలో అరవై వేల మంది పనిచేస్తున్నారనీ, మగవాళ్ళు తవ్వుతుంటే ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోస్తున్నారనీ తన పుస్తకంలో రాసుకున్నాడు. అరవై వేల మందిలో ఒక్క పేరు కూడా ఆయన రాయలేదు.

మా అమ్మ వచ్చినప్పుడు ఆ గాజుపెట్టె ముందు చాలాసేపు నిలబడింది. గోడ మీద రాసిందంతా చదివి చెప్పమంది. టావెర్నియే, లూయీ, హోప్, కార్టియే, మెక్లీన్, విన్‌స్టన్, అన్నీ చదివాను. అమ్మ అంతా విని, "మరి దొరికింది ఎవరికిరా?" అని అడిగింది. మట్టి జల్లెడ పడుతుంటే ఎవరో ఒకరి చేతికి తగిలే ఉంటుంది కదా మొదట. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, గోడ మీదా లేదు.

ఇప్పుడు కొల్లూరూ లేదు. పులిచింతల ప్రాజెక్టు నీళ్ళలో మునిగిపోయింది. మా మేనత్తని ఇచ్చింది ఆ ముంపు ఊళ్ళలో ఒకదానికే. పొలం గట్టు మీద మా మామయ్య సమాధి ఉండేది. ఊరు ఖాళీ చేసే రోజు తలుపులు, కిటికీలు, ద్వారబంధాలు సైతం ఊడదీసి ట్రాక్టర్ల మీద వేసుకున్నారు. సమాధిని ఊడదీసి వేసుకోలేరు కదా. అత్తయ్య అక్కడి మట్టి గుప్పెడు తీసి పాత తువ్వాలులో మూట కట్టుకుంది. ఆ మూట ఇప్పటికీ పునరావాస కాలనీలో ఆవిడ దేవుడి గూట్లో ఉంది. ఎండాకాలం నీళ్ళు తగ్గితే ఊరి గోడలు బయటపడతాయేమోనని ఎవర్నో ఒకర్ని అడుగుతూనే ఉంటుంది. మనిషికి తనవాళ్ళు పడుకున్న నేల అంటే ఏమిటో నాకు చెప్పింది అత్తయ్య మూటే.

అందుకే బెల్మాంట్ బానిసల శ్మశానం గురించి మొదటిసారి విన్నప్పుడు వెళ్ళకుండా ఉండలేకపోయాను. మా అమ్మాయిని వెంటపెట్టుకుని వెళ్ళాను. మీరు ఆ రోడ్డు మీద వందల సార్లు వెళ్ళి ఉంటారు, నేనూ అంతే. కారు దిగి చెట్లలోకి నడిస్తేనే కనపడుతుంది. చెక్కిన సమాధి రాళ్ళు ఉండవు. పొలంలో దొరికిన మామూలు రాయిని తెచ్చి తల దగ్గర నిలబెట్టారు, అంతే. కొన్ని పక్కకి ఒరిగాయి, కొన్ని ఆకుల కింద సగం మునిగాయి. రాయి కూడా లేని చోట నేల మనిషి పొడవున కొంచెం కుంగి ఉంటుంది. తూములో పోసిన ధాన్యం కిందికి దిగినట్టు, లోపలి పెట్టె పుచ్చిపోయి పైమట్టి దిగిపోతుంది. రూట్ 7 మీద లారీల రొద ఆగదు. మా అమ్మాయి ఒక గుంట దగ్గర ఆగి, దాని పక్కన తన పాదాలు పెట్టి అడుగులు కొలిచింది. నాలుగు కూడా రాలేదు. నా వైపు చూసి, "ఇది చిన్నపిల్లదా నాన్నా" అంది.

ఈ స్థలం మనకి మిగిలిందంటే ఒకావిడ పట్టుదల వల్ల. పాస్టర్ మిషెల్ థామస్. 2015లో ఆవిడ ఈ శ్మశానం ఎక్కడుందో గుర్తించి, లౌడన్ ఫ్రీడమ్ సెంటర్ తరఫున దాని రక్షణకి నిలబడింది. అప్పటికి చుట్టూ రోడ్లు, ఇళ్ళు వచ్చేశాయి. 2017లో టోల్ బ్రదర్స్ 2.75 ఎకరాలు ఆ సెంటర్‌కి అప్పగించింది. తర్వాత ఆవిడ నల్లవాళ్ళ హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ లౌడన్ శాఖకి అధ్యక్షురాలైంది. 2020 జూన్‌లో ఆవిడ పదహారేళ్ళ కొడుకు నీళ్ళలో మునిగి చనిపోయాడు. ఆ పిల్లవాణ్ణి ఆవిడ ఇక్కడే, తను కాపాడిన ఈ చెట్ల కిందే పాతిపెట్టుకుంది. బానిసలుగా పుట్టినవాళ్ళ నడుమ స్వేచ్ఛగా పుట్టిన బిడ్డ. దీని గురించి ఇంతకన్నా రాయడం నాకు చేతకాదు. మీరు వెళ్ళి నిలబడితే చాలు.

బెల్మాంట్ ఒక్కటే ఇలా ఉందనుకోకండి. దక్షిణ కరొలైనాలోని హిల్టన్ హెడ్ దీవిలో చార్లెస్ ఫ్రేజర్ 1950ల చివర్లో సీ పైన్స్ కట్టాడు. గేటు, గోల్ఫ్, ఇంటికి వేసే రంగు దగ్గర్నుంచి నరకకూడని చెట్టు దాకా పత్రాల్లోనే రాసేసిన నిబంధనలు, ఇవాళ మన కాలనీల్లో చాలావాటికి నమూనా అదే. అక్కడి ప్రసిద్ధ హార్బర్ టౌన్ కోర్సు చివరి హోల్ పక్కనే, బానిసల వారసులైన గల్లా ప్రజల పాత శ్మశానం ఉంది. గేటు కాలనీలు లేచాక తమ పెద్దల సమాధులు చూసుకోవాలన్నా ఆ మనుషులు గేటు దగ్గర ఆగి చెప్పుకుని వెళ్ళాల్సి వచ్చింది. ఫ్లోరిడా రాజధాని టలహాసీలో 2019 డిసెంబరులో నేషనల్ పార్క్ సర్వీస్ పురాతత్వ నిపుణులు కాపిటల్ సిటీ కంట్రీ క్లబ్ ఏడో హోల్ దగ్గర గడ్డి కింద సుమారు 40 బానిస సమాధులున్నాయని తేల్చారు. అప్పటిదాకా ఎన్ని వేల మంది వాటి మీదుగా బంతి కొట్టుకుంటూ నడిచారో.

"అది వాళ్ళ చరిత్ర, మనం నిన్న మొన్న వచ్చినవాళ్ళం, మనకేం సంబంధం" అని మీటింగులో ఎవరో ఒకరు అంటారు. అనేవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. అందుకే దీనికి కొంచెం వివరంగా చెప్తాను.

కంట్రీ క్లబ్ అన్న మాటలోనే మనల్ని బయట నిలబెట్టిన చరిత్ర ఉంది. గత శతాబ్దం మొదటి దశకాల్లో కాన్సస్ సిటీలో జె.సి. నికల్స్ కంట్రీ క్లబ్ డిస్ట్రిక్ట్ అని పెద్ద నివాస ప్రాంతం కట్టాడు. ఇంటి యజమానుల సంఘాన్ని, అంటే మనం నెలనెలా రుసుము కట్టే హెచ్‌ఓఏని, స్థిరంగా నిలబెట్టిన తొలివాళ్ళలో ఆయనొకడు. ఆ ఇళ్ళ పత్రాల్లోనే నల్లవాళ్ళకి అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు అన్న షరతు ఉండేది. చాలా ఊళ్ళలో ఇలాంటి షరతుల్లో ఆసియావాళ్ళని కూడా కలిపి రాశారు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీం కోర్టు, భారతీయులు తెల్లవాళ్ళ కిందికి రారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని చెప్పింది. అమెరికా గోల్ఫ్ వృత్తి సంఘం పీజీఏ తన నియమావళిలోంచి శ్వేతజాతివాళ్ళే సభ్యులన్న నిబంధనని తీసేసింది 1961లో. బర్మింగ్‌హామ్ దగ్గర షోల్ క్రీక్ అనే గోల్ఫ్ కాలనీ స్థాపకుడు నల్లవాళ్ళని సభ్యులుగా తీసుకోం అని బాహాటంగా అన్నది 1990లో. అప్పటికి మనవాళ్ళు ఇక్కడికొచ్చి సంఘాలు పెట్టుకుని మహాసభలు జరుపుకుంటున్నారు.

మరి మనకి తలుపు ఎవరు తీశారు? జాతి షరతులు కోర్టుల్లో చెల్లవని 1948లో షెల్లీ కేసులో తీర్పు తెచ్చుకున్నది ఒక నల్లజాతి కుటుంబం. 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటు హక్కు చట్టం, అదే 1965లో మనలాంటి దేశాలవాళ్ళని జాతి చూడకుండా రానిచ్చిన వలస చట్టం, 1968లో ఇళ్ళ విషయంలో వివక్ష కూడదన్న చట్టం. ఇవన్నీ ఒకే పోరాటపు వేడిలో కాచినవి. లాఠీదెబ్బలు తిన్నది, కుక్కల నోట పడింది, జైళ్ళకెళ్ళింది ఇలాంటి రాళ్ళ కింద ఉన్నవాళ్ళ మనవలూ ముని మనవలూ. మన తొలి తరం డాక్టర్లూ ఇంజనీర్లూ విమానం దిగింది వాళ్ళు తీసిన తలుపులోంచి. సంబంధం లేదని నేను ఇక అనలేను.

పిల్లల మాట కూడా చెప్పాలి. మా యాష్‌బర్న్‌లోనే 1892లో నల్లజాతి పిల్లల కోసం కట్టిన ఒంటిగది బడి ఉంది. 2016లో ఐదుగురు కుర్రాళ్ళు రాత్రిపూట దాని గోడల మీద స్వస్తిక గుర్తులూ జాత్యహంకార రాతలూ రాశారు. ఐదుగురిలో ఇద్దరే తెల్లవాళ్ళు, మిగిలిన ముగ్గురూ మైనారిటీ పిల్లలే. వాళ్ళు ఏం రాశారో, అది ఎవరి బడో వాళ్ళకే సరిగా తెలియదని గ్రహించిన ప్రాసిక్యూటరు, జైలు కాదు, పుస్తకాలు అడిగింది. కోర్టు ఒప్పుకుంది. ఏడాదిపాటు నెలకొక పుస్తకం చదివి రాయాలి. ఇంత తెలివైన శిక్ష నేను ఇంకొకటి వినలేదు. కానీ మన పిల్లలకి అది శిక్షగా కాకుండా ముందే, మన నోటితో, మన బడిలో తెలియాలి. తెలుగు బడుల్లో అమ్మ భాషతో పాటు తాము ఆడుకునే ఈ నేల గురించి కూడా ఒక పాఠం తెలుగులోనే ఉండాలి. రాయడానికి నేను సిద్ధం. బెల్మాంట్, కొల్లూరు, ఒక వజ్రం, ఆరో తరగతి పిల్లకి అర్థమయ్యేలా.

ఆ ఆదివారం ఉదయం ఏం చేయాలన్నది మనం నిర్ణయించేది కాదు. అది వాళ్ళ స్థలం. ముందుగా లౌడన్ ఫ్రీడమ్ సెంటర్‌వాళ్ళకి ఉత్తరం రాసి, వస్తామని చెప్పి, మావల్ల ఏం పని ఉందని అడగాలి. ఆకులు ఊడవమంటే ఊడ్చుదాం. కొమ్మలు మొయ్యమంటే మోద్దాం. ఊరికే నిలబడి వినమంటే అదే చేద్దాం. స్టేజీ వద్దు, శాలువాలు వద్దు, ఫ్లెక్సీ అసలే వద్దు. రాళ్ళని కదపకూడదు, నిటారుగా పెడదామని కూడా ముట్టుకోకూడదు. పిల్లలకి ఈ మాట కారు దిగకముందే చెప్పాలి. బెల్మాంట్‌లో ఇల్లుండి హెచ్‌ఓఏలో పనిచేస్తున్నవాళ్ళెవరైనా మనలో ఉంటే, వాళ్ళు ఇంకో పని కూడా చేయగలరు. లోపల తమ పొరుగువాళ్ళందరినీ అదే పూట రమ్మని పిలవగలరు.

మన పద్ధతిలో దీనికి చోటుందా అని ఒక పెద్దాయన నన్ను అడిగారు. ఉంది. మా నాన్న అమావాస్యకి తర్పణం విడిచేటప్పుడు తన తండ్రి, తాత, ముత్తాత, అమ్మ వైపువాళ్ళు, అందరి పేర్లూ గోత్రాలూ చెప్పి నీళ్ళు విడిచేవాడు. అంతా అయ్యాక చివర్న బట్ట పిండి కొన్ని నీళ్ళు విడిచేవాడు. అవి తల్లీ తండ్రీ చుట్టమూ ఎవరూ లేకుండా పోయినవాళ్ళకి. చిన్నప్పుడు అవెవరికని అడిగితే, "మనవాళ్ళకి మనమున్నాం, వాళ్ళకెవరున్నార్రా" అన్నాడు. బతుకమ్మ మొదలయ్యేది కూడా సరిగ్గా ఆ పెద్దల అమావాస్య నాడే కదా. గునుగు, తంగేడు ఇక్కడ దొరకవు, బంతీ చామంతీ దొరుకుతాయి. అనుమతిస్తే ఒక్కో రాయి దగ్గర ఒక్క పువ్వు.

మీ జవాబు ఏదైనా నేను ఆ ఆదివారం పొద్దున ఎనిమిదింటికి అక్కడ ఉంటాను. మా అమ్మాయి వస్తుంది. రెండు ఆకులు ఊడ్చే చీపుళ్ళు, తోట పని చేతి తొడుగులు ఒక పది జతలు తెస్తున్నాను. వచ్చేవాళ్ళు గట్టి బూట్లు వేసుకోండి, ఉదయం పూట గడ్డి తడిగా ఉంటుంది. ముసలివాళ్ళకి కుర్చీలు కావాలంటే ముందు రోజు చెప్పండి.

ఇట్లు,
యాష్‌బర్న్‌లో ఉంటున్న ఒక పల్నాటివాడు